ఖాళీ తేనె ఫ్రేములను మైనపు పురుగు తినకుండా నువ్వుల పూత దాకా దాచుకునుడు ఎట్ల?

తేనె తీసే వీడియో పెట్టినంక ఎక్కువ మంది అడిగింది తేనె గురించి కాదు. "అన్నా, తేనె తీసినంక మిగిలిన ఖాళీ ఫ్రేములు ఏం చేయాలె? మూట కట్టి పెడితే పురుగు పడుతున్నది, బయట పెడితే ఎలుకలు కొరుకుతున్నయి" అని అడిగిండ్రు. కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి, మా జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి అందరిదీ ఇదే మాట. వీడియోలో చేతులతో చేసి చూపించిన. అందులో చెప్పడానికి టైం సరిపోని సంగతులు ఇక్కడ రాస్తున్న.

ముందు ఆ ఖాళీ ఫ్రేము విలువ ఎంతో తెలిస్తే గాని దాన్ని కాపాడాలన్న పట్టుదల రాదు. కిలో మైనం తయారు చేయడానికి ఈగలు 6 నుంచి 8 కిలోల తేనె ఖర్చు చేస్తయని తేనెటీగల పుస్తకాల్లో మామూలుగా కనిపించే లెక్క. పది పెద్ద ఫ్రేముల పట్టులో సుమారు ఒక కిలో మైనం ఉంటది. మన దగ్గర నువ్వుల పూత మూడు నాలుగు వారాల ఆట. ఆ రోజుల్లో ఈగలకు కట్టిన పట్టు చేతికిస్తే తెచ్చిన తేనె తెచ్చినట్టు నింపుతయి. ఉట్టి మైనపు షీటు ఇస్తే సగం పూత గోడలు కట్టడానికే పోతది. అందుకే నేను ఖాళీ పట్టును పెట్టుబడి లెక్కలో రాసుకుంట. పెట్టె మళ్లీ కొనొచ్చు, ఫ్రేము కట్టెలు మళ్లీ కొట్టించొచ్చు. కట్టిన పట్టు మాత్రం బజార్ల దొరకదు.

చలి దేశాల సలహా మనకు ఎందుకు పని చేయదు

యూట్యూబ్‌లో ఇంగ్లిష్ వీడియోలు చూసి చాలా మంది "ఖాళీ ఫ్రేములు చల్లటి షెడ్డులో పెడితే చాలు" అనుకుంటరు. ఆ మాట అబద్ధం కాదు. అది వాళ్ల ఊరి మాట. అక్కడ ఎండాకాలం చివర తేనె తీసి, ఫ్రేములను చలికాలమంతా దాస్తరు. గడ్డకట్టే చలిలో మైనపు పురుగు గుడ్డుతో సహా చస్తది. ఖర్చు లేని కాపలా అది.

మన క్యాలెండర్ చూడండి. జనవరి, ఫిబ్రవరిలో జగిత్యాల మామిడి తోటల్లో పూత, ఆ వెనకనే మోదుగ. పసుపు తవ్వినంక అదే మడిలో నువ్వులు వేసుడు కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పొలాస పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్వేత తిల్, జగిత్యాల తిల్-1 రకాలు మీలో చాలా మంది వేసే ఉంటరు. ఆ నువ్వులు పూసేది మార్చి, ఏప్రిల్‌లో. ఆ తర్వాత కొంచెం కానుగ, కొంచెం వేప. మే వచ్చిందంటే పూత అయిపోతది, పెట్టెల్లో ఈగల బలం తగ్గుతది, మనం పై గదులు దించుతం. అంటే ఖాళీ ఫ్రేములు దాచేది మే నుంచి డిసెంబరు దాకా, ఏడెనిమిది నెలలు.

మైనపు పురుగుకు బాగా నచ్చే వేడి 29 నుంచి 33 డిగ్రీలు. మన జూన్ నుంచి అక్టోబరు దాకా ఇంట్లో ఉండే వేడి కూడా దాదాపు అంతే. మనం పట్టు దాచే కాలం, అది పిల్లలు పెట్టే కాలం ఒక్కటే. తరువాత వచ్చే మన చలి దాన్ని నిదానం చేస్తది గాని చంపదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగిలిన పనులన్నీ ఎందుకు చేయాలో మీకే అర్థమైతది.

పురుగు ఎట్ల పనిచేస్తది

ఇది నిజానికి ఒక చిమ్మట. పెద్దది గల్లేరియా మెల్లొనెల్లా, చిన్నది అక్రోయియా గ్రిసెల్లా. మన ఫ్రేములను గుల్ల చేసేది ఎక్కువగా పెద్దదే. రెక్కలొచ్చిన చిమ్మట ఏమీ తినదు, దానికి తినే నోరే లేదు. అది చేసేదల్లా చీకటి పడ్డంక వచ్చి, పెట్టె సందుల్లో, ఫ్రేము మూలల్లో గుడ్లు పెట్టుడే. ఒక్క తల్లి వందల గుడ్లు పెడుతది. వేడి బాగుంటే మూడు నుంచి అయిదు రోజుల్లో పొదుగుతయి. పుట్టిన పిల్ల దారం కంటే సన్నగ ఉంటది, మన కంటికి ఆనదు. నెల, నెలన్నర తిని సుమారు అంగుళం పొడుగు అయినంక కట్టెను తొలిచి, పడవ ఆకారంలో గుంట చేసుకొని గూడు అల్లుకుంటది. పట్టుతో పాటు ఫ్రేము కట్టె కూడ పాడయ్యేది అందుకే.

పేరు మైనపు పురుగు గాని దాని బలం మైనంలో లేదు. ఉట్టి మైనం మీద అది సరిగ్గ ఎదగదు. దానికి కావలసింది పుప్పొడి, పిల్ల ఈగలు అరల్లో విడిచిన పొరలు. అందుకే పిల్ల గదిలోని నల్ల పట్టు మీద పడ్డంత తొందరగ తెల్లటి తేనె పట్టు మీద పడదు. దాచే పద్ధతి మొత్తం ఈ మాట మీదనే నిలబడి ఉంటది.

గుర్తు పట్టుడు కష్టం కాదు. ముందు అరల అడుగున సన్నటి పొడి రాలుతది. తర్వాత పట్టు మధ్యలో తెల్లటి దారపు సొరంగం, దాని పొంటి నల్లటి గింజల్లాంటి పెంటికలు. ఇంకో రెండు వారాలు వదిలేస్తే సిరిసిల్ల మరమగ్గం నడిచినట్టే, ఫ్రేముకు ఫ్రేముకు మధ్య గుడ్డ నేసి పెడుతది.

మూడు కుప్పలు

తేనె తీసిన ఫ్రేములను వెంటనే మూట కట్టొద్దు. ఆ సాయంత్రం బలమైన పెట్టె మీద తిరిగి పెట్టాలె. రెండు రోజుల్లో ఈగలు అరల్లో మిగిలిన తేనెను నాకి ఎండబెట్టినట్టు చేస్తయి. తడి పట్టు దాస్తే చీమలు వస్తయి, పులిసిన వాసన కొడుతది. పగటి పూట మాత్రం పెట్టొద్దు. పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతయి.

తర్వాత ఒక్కొక్క ఫ్రేమును సూర్యుని దిక్కు పెట్టి చూడాలె. వెలుగు బాగా కనిపించే తెల్లటి, పసుపు రంగు పట్టు ఒక కుప్ప. గోధుమ రంగుకు తిరిగింది, పుప్పొడి ఉన్నది ఇంకో కుప్ప. వెలుగు అసలే రాకుండ నల్లగా అయింది మూడో కుప్ప. ఈ మూడో కుప్పను దాచుడు దండగ. కరిగించుడే. చాలా మందికి ఇక్కడ చేతులు రావు, "గింత మంచి పట్టును కరిగిస్తమా" అంటరు. నల్ల పట్టులో అరలు పొరల మీద పొరలు పడి ఇరుకైతయి, రోగాల గింజలు నిల్వ ఉంటయి, మైనపు చిమ్మటకు అదే మొదటి దావత్. ప్రతి ఏడాది పిల్ల గదిలోని ఫ్రేముల్లో మూడో వంతు తీసేసి కొత్తవి ఇచ్చుడు మంచి అలవాటు. దాచాల్సిన లెక్క తగ్గితే సగం యుద్ధం అక్కడనే అయిపోతది.

ఫ్రీజరు: మందు లేని మందు

రెండో కుప్పకు నాకు తెలిసినంతల ఫ్రీజరును మించింది లేదు. మైనస్ 7 డిగ్రీల దగ్గర నాలుగున్నర గంటలు, మైనస్ 12 దగ్గర మూడు గంటలు, మైనస్ 15 దగ్గర రెండు గంటలు ఉంటే గుడ్డు, పురుగు, గూడు, చిమ్మట అన్నీ చస్తయి. అయితే ఈ గంటలు పట్టు లోపలి దాకా చల్లబడ్డంక లెక్క పెట్టేవి. తేనె, పుప్పొడి ఉన్న ఫ్రేము చల్లబడడానికే చాలా సేపు పడుతది. అందుకే గంటల లెక్క పక్కన పెట్టి రెండు రోజులు ఉంచుత.

ఇంట్లో ఫ్రిజ్ పైన ఉండే చిన్న అరలో లాంగ్‌స్ట్రాత్ ఫ్రేము పట్టదు, పై కట్టె 19 అంగుళాలు ఉంటది. మన దేశీ సెరానా ఈగల ఫ్రేము చిన్నది, రెండు మూడు పడుతయి. పెద్ద ఫ్రేములకు కిరాణం షాపుల్లో ఐస్‌క్రీం పెట్టే పెట్టె ఫ్రీజరు కావాలె. కొత్తది కొనాల్సిన పని లేదు. వాన పడ్డంక ఐస్‌క్రీం గిరాకీ తగ్గుతది, షాపుల్లో ఫ్రీజరు సగం ఖాళీగనే ఉంటది. తెలిసిన దుకాణం వాళ్లకు ఒక తేనె సీసా ఇస్తే రెండు రోజులు జాగ ఇస్తరు. నలుగురైదుగురు రైతులు కలిసి పాతది ఒకటి కొనుక్కున్నా నష్టం లేదు. గ్రూపుగా చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఒక చిన్న కిటుకు ఉన్నది. ఫ్రేమును ముందే సంచిలో పెట్టి మూతి కట్టి, అప్పుడు ఫ్రీజరులో పెట్టాలె. బయటకు తీసినంక సంచి విప్పకుండ ఒక పూట వదిలేయాలె. అప్పుడు చెమట సంచి బయట పడుతది, పట్టు పొడిగా ఉంటది. సంచి లేకుండ ఫ్రీజరులో పెట్టి తీస్తే వానకాలపు గాలికి పట్టంతా తడిసి బూజు పడుతది. గడ్డకట్టిన పట్టు గాజు లెక్క పెళుసు, కింద పడితే ముక్కలే.

మరి ఫ్రీజరు లేకుండ ఉట్టి ప్లాస్టిక్ సంచిలో గట్టిగ కట్టి పెడితే సరిపోదా? సరిపోదు. గుడ్లు అప్పటికే లోపల ఉంటయి. ఇంకో ముచ్చట కూడ ఉన్నది. స్పెయిన్‌లో ఫెదెరికా బెర్తొక్కిని అనే శాస్త్రవేత్త స్వయంగా తేనెటీగలు పెంచుతది. తన పెట్టెల నుంచి ఏరిన మైనపు పురుగులను ప్లాస్టిక్ సంచిలో వేస్తే కాసేపటికే సంచికి చిల్లులు పడ్డయి. తర్వాత ఆమె, తోటివాళ్లు కలిసి పరీక్ష పెట్టిండ్రు. సుమారు వంద పురుగులను మామూలు సూపర్‌మార్కెట్ సంచి మీద వదిలితే 40 నిమిషాల్లో చిల్లులు కనిపించినయి, 12 గంటల్లో 92 మిల్లీగ్రాముల ప్లాస్టిక్ తగ్గింది. 2017లో అది అచ్చయినప్పుడు ప్రపంచమంతా "ప్లాస్టిక్ తినే పురుగు" అని సంబరపడ్డది. మనకు దాంట్ల పాఠం వేరే ఉన్నది: లోపల బతికిన పురుగు ఉంటే సంచి దాన్ని ఆపదు. ముందు చంపి, అదే సంచిలో ఉంచి, ఆ సంచులను మూత బిగుసుకునే బియ్యం డ్రమ్ములో పెట్టుడు సరైన వరుస. డ్రమ్ము ఎలుకలను కూడ ఆపుతది.

వెలుగు, గాలి

మొదటి కుప్ప, అంటే పిల్లలు పెట్టని తెల్ల పట్టుకు ఫ్రీజరు దొరకకపోయినా నడుస్తది. చిమ్మటకు చీకటి, కదలని గాలి ఇష్టం. పశువుల కొట్టంలోనో వరండాలోనో నీడ పట్టున, గాలి ఆడే చోట తాడు మీదనో తీగ మీదనో ఫ్రేములను వేలాడదీయాలె. ఒక్కొక్క దాని మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలె. తీగకు మధ్యల గ్రీజు రాస్తే చీమలు దాటవు. చుట్టూ సన్నటి దోమల జాలీ కడితే ఇంకా మంచిది. ఫ్రేములను పెట్టెలో కిక్కిరిసి పెట్టి, పైన మూత వేసి, మీద గోనె సంచి కప్పి మూలకు నెట్టుడు అంటే చిమ్మటకు పుట్టిల్లు కట్టిచ్చినట్టే. గోధుమ, నల్ల పట్టుకు మాత్రం ఈ పద్ధతి ఒక్కటే నమ్ముకోవద్దు. అరల లోపల చీకటే ఉంటది, వెలుగు అక్కడికి పోదు.

ఇంకో కాపలా ఈగలే. బలమైన పెట్టె మీద ఒక గది ఖాళీ ఫ్రేములు పెడితే ఈగలు పిల్ల పురుగులను ఏరి బయట పడేస్తయి. కాని ఈ మాట విని బలహీనమైన పెట్టె మీద నాలుగు గదులు ఎక్కించే వాళ్లు ఉన్నరు. అది తిరగబడుతది. ఈగలు కప్పి ఉండలేని ప్రతి ఫ్రేమూ చిమ్మటకు ఖాళీ ప్లాటే. వానకాలంలో పెట్టె తెరిచి, ఈగలు ఎన్ని ఫ్రేముల మీద ఉన్నయో లెక్క పెట్టి, మిగతావి తీసేయాలె. సెరానా పెంచేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మెల్లిఫెరా కొంత తట్టుకుంటది, సెరానాకు పురుగు ఎక్కువైతే పెట్టె వదిలి ఎగిరిపోతది.

కలరా ఉండలు వద్దు అని ఎందుకు అంటున్న

ఇక్కడ కొంచెం గట్టిగనే చెప్తున్న, ఏమనుకోవద్దు. ఫ్రేముల మధ్య కలరా గోలీలు వేసుడు మన దిక్కు చాలా మంది చేసే పని. చవక, చేతికి దొరుకుతది, చిమ్మట కూడ పారిపోతది. కాని నాఫ్తలీన్ మైనంలోకి ఇంకుతది. మైనం కొవ్వు లాంటిది, ఏ వాసననైనా పట్టుకుంటది. ఆ పట్టులో మళ్లీ తేనె పోస్తే మైనంలోది తేనెలోకి దిగుతది. నాఫ్తలీన్‌ను, గోలీల్లోనే వాడే ఇంకో రసాయనం పారాడైక్లోరోబెంజీన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పెట్టింది.

రెండేళ్ల కింద వేరే జిల్లా నుంచి పెట్టెలు తెచ్చి తిప్పే ఒకాయన దగ్గర కట్టిన ఫ్రేములు చవకగా వస్తున్నయంటే చూడడానికి పోయిన. మూత తీయంగనే బట్టల బీరువా వాసన. "రెండు రోజులు ఎండకు పెడితే పోతది" అన్నడు. పైన వాసన పోతది, లోపలిది పోదు. వద్దని వచ్చేసిన. మనం సీసా మీద సహజ తేనె అని రాసి అమ్ముతున్నం. కొన్నవాళ్లు పసిపిల్లలున్న ఇంటికి తీసుకుపోతరు. పొలంలో చుక్క మందు కొట్టకుండ, ఇంట్లో ఫ్రేముల్లో గోలీలు వేస్తే ఆ రాతకు అర్థమేంది?

సెల్ఫాస్ గోలీల సంగతి ఇంకా ఘోరం. బియ్యం గోదాముల్లో పెట్టేవే గదా అని కొందరు ఫ్రేముల గదిలో పెడుతున్నరు. దాని గ్యాసుకు విరుగుడు మందే లేదు. శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లో తప్ప వాడొద్దని ప్రభుత్వ నిబంధన కూడ ఉన్నది. మనుషులు పండుకునే ఇంట్లో దాన్ని తలుచుకోనే వద్దు. గంధకం పొగ పాత పద్ధతే. పురుగు, చిమ్మట చస్తయి గాని గుడ్డు బతుకుతది, రెండు వారాల్లో మళ్లీ మొదలు. పైగా మైనం పక్కన నిప్పు.

మన ప్రకృతి వ్యవసాయంలో ఉన్నవాళ్లకు సహజంగ వచ్చే ఆలోచన: వేపాకు పెడితే? నీమాస్త్రం పిచికారి చేస్తే? పిచికారి వద్దు. పట్టు తడుస్తది, బూజు పడుతది, ఆవు మూత్రం వాసన అరల్లో ఉండిపోతది. ఎండిన వేపాకు నేను ఒక వానకాలం పరీక్ష పెట్టిన. ఒక పెట్టెలో గోధుమ రంగు ఫ్రేముల మధ్య ఆకు పరిచిన, పక్క పెట్టెలో ఉట్టిగ వదిలిన. రెండింట్లో పురుగు పడ్డది, ఆకు ఉన్న దాంట్లో కొంచెం ఆలస్యంగ. రెండు పెట్టెల లెక్క శాస్త్రం కాదు, ఒప్పుకుంట. కాని ఏడు నెలల కష్టాన్ని ఆకు మీద వదిలేయడానికి నాకైతే ధైర్యం రాలేదు.

బీటీ గురించి అడిగేవాళ్లు ఉన్నరు. తేనెపట్టు కోసం విదేశాల్లో వాడేది ఐజావాయ్ అనే రకం బీటీ. మన పురుగు మందుల షాపుల్లో కంది కాయతొలుచు పురుగుకు ఇచ్చేది ఎక్కువగా కుర్‌స్టాకి రకం. రెండూ ఒక్కటని షాపాయన చెప్పినా తెచ్చి పట్టు మీద కొట్టొద్దు.

ఎండ సంగతి కూడ చెప్పాలె, మే నెల ఎండ చూసి అందరికీ ఆశ పుడుతది. 46 డిగ్రీల వేడిలో 80 నిమిషాలు ఉంటే అన్ని దశలూ చస్తయి, మాట నిజమే. కాని మైనం పూర్తిగ కరిగేది 62 డిగ్రీలు దాటినంక అయినా, 45 దాటంగనే మెత్తబడి బరువుకు జారుతది. నల్ల కవరు కింద మన ఎండ ఎక్కడ ఆగుతదో చెప్పలేం. రేకుల షెడ్డులో పెట్టిన ఫ్రేములు కూడ మేలో వంగిపోతయి. పెంకుటిల్లు, స్లాబు కింద ఉత్తరం గది మంచిది.

ఇప్పటికే పురుగు పడితే

ఒక మూల రెండు సొరంగాలు ఉంటే ఆ ముక్క కోసేసి, ఫ్రేమును బండ మీద మెల్లగ తట్టితే పురుగులు బయటకొస్తయి. మిగతాది వెంటనే ఫ్రీజరుకు. బాగు చేసిన చోట ఈగలు మళ్లీ కట్టుకుంటయి. జాలీ అల్లిన ఫ్రేములను మాత్రం దాచొద్దు. పట్టు మొత్తం తీసి అదే రోజు కరిగించాలె. రేపు చేద్దామంటే రేపటికి పురుగులు పక్క పెట్టెల్లోకి పోతయి. ఫ్రేము కట్టెలను గీకి, మరిగే నీళ్లలో ముంచి ఎండబెడితే మళ్లీ పనికొస్తయి. రాలిన పురుగులు నాటు కోళ్లకు వేయండి, కొట్టుకొని తింటయి.

దాచిన వాటిని జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికి ఒకసారి, తర్వాత పదిహేను రోజులకు ఒకసారి చూడాలె. సంచి మీద ఫ్రీజరులో పెట్టిన తారీఖు మార్కరుతో రాయండి. సంచి లోపల పొడి గాని దారం గాని కనిపిస్తే విప్పకుండానే మళ్లీ రెండు రోజులు ఫ్రీజరులో పెట్టండి.

డిసెంబరు చివర మామిడి పూమొగ్గ కనిపించంగనే సంచులు విప్పి, ఒక రోజు నీడలో గాలికి పెట్టి, సాయంత్రం పూట బలమైన పెట్టెలకు రెండేసి ఫ్రేములు ఇవ్వాలె. ఈగలు వాటిని శుభ్రం చేసి ఎక్కినంక ఇంకో రెండు. నువ్వులు పూసే నాటికి పై గది మొత్తం కట్టిన పట్టుతో తయారుగ ఉంటది.

నల్ల పట్టు కరిగించే ఎండ పెట్టె, అద్దం, చెక్కల కొలతలతో సహా వచ్చే వీడియోలో చూపిస్త. అప్పటిదాకా మూడో కుప్పను ఇంట్లో పెట్టుకోకండి. తేనె తీసిన రోజే గంజులో నీళ్లు పోసి, గోనె గుడ్డలో మూట కట్టి కరిగించెయ్యండి.